హెచ్చరిక వచ్చింది... మనకు అందిందా?

2017 నవంబరు 4, శనివారం. కార్తీక పౌర్ణమి. అమ్మానాన్న దివిసీమ నుంచి జార్జ్ టౌన్‌కు వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. పొద్దుటి నుంచి అమ్మ ఉపవాసం. సాయంత్రం వాకిట్లో వెలిగించాలని 365 వత్తుల కట్ట ఊరి నుంచే తెచ్చుకుంది. మధ్యాహ్నం నుంచి ముసురు పట్టింది. చీకటి పడేసరికి గాలి లేచింది. అమ్మ దీపం పెట్టడం, గాలి ఆర్పేయడం. నాలుగుసార్లు అలా అయ్యాక దీపాన్ని లోపలికి తెచ్చి దేవుడి గూట్లో పెట్టుకుంది.

అదే సమయానికి మా ఆఫీసు గ్రూపులో ఒక మలయ్ సహోద్యోగి వాతావరణ హెచ్చరిక పంపాడు. మలయ్ భాషలో ఉంది. ‘హుజన్ లెబత్’ అంటే భారీ వర్షమని తెలుసు. అంతకుమించి చదవలేదు. పెనాంగ్‌లో వాన పడటం కూడా ఒక వార్తేనా అనుకుని ఫోను పక్కన పెట్టేశాను.

తెల్లవారుజామున మూడు గంటలకు నాన్న లేపారు. మంచం దిగితే పాదాలు నీళ్లలో మునిగాయి. మాది కింది అంతస్తు. కరెంటు లేదు. అరగంటలో నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. ఫ్రిజ్ ఒక పక్కకు ఒరిగింది. అందులోనే నాన్న ఇన్సులిన్ ఉంది. కింది సొరుగులో పాస్‌పోర్టులు ఉన్నాయి. పై అంతస్తులో ఉండే చైనీస్ ఆంటీ టార్చి పట్టుకుని వచ్చి అమ్మానాన్నలను తన ఇంట్లోకి తీసుకెళ్లకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో! అప్పటిదాకా ఆమెకు నేను నమస్కారం పెట్టడం తప్ప పేరు కూడా అడిగి ఎరగను.

తెల్లారాక ఆ మెట్ల మీద కూర్చుని నాన్న అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. ‘‘డెబ్భై ఏడులోనూ రేడియోలో చెప్పారురా. తుఫాను వస్తోందన్నారు. మాకు తుఫాను కొత్తా? తలుపులు బిగించుకుని పడుకున్నాం. సముద్రం ఊరి మీదకు వస్తుందని మాకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లే లేరు. నీకు ఫోనులో వచ్చింది కదా, మరి నీకెందుకు అర్థం కాలేదు?’’

ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లతో పనిచేస్తున్న నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్ననే ఈ రోజు పాఠకుల ముందు పెడుతున్నాను. హెచ్చరిక రావడం ఒకటి, అందడం మరొకటి. ఈ రెండింటి మధ్య దూరాన్ని ఉపగ్రహాలు పూడ్చలేవు. మనమే పూడ్చాలి.

ఆ రాత్రి ఏం జరిగింది?

పెనాంగ్ చరిత్రలోనే పెద్ద వరదల్లో అదొకటి. ఒక్క రోజులో 300 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. ఏడుగురు చనిపోయారు. వేల మంది ఇళ్లు వదిలారు. రాత్రికి రాత్రి అప్పటి ముఖ్యమంత్రి లిమ్ గువాన్ ఎంగ్ సైన్యం సాయం కోరాల్సి వచ్చింది. అంతకు రెండు వారాల ముందే, అక్టోబరు 21న, తంజుంగ్ బుంగాలో ఒక నిర్మాణ స్థలం దగ్గర కొండచరియ విరిగిపడి 11 మంది కార్మికులు చనిపోయారు. కొండల్లో నేల అప్పటికే నానిపోయి ఉంది.

300 మిల్లీమీటర్లు అంటే ఎంతో ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఒక చదరపు కిలోమీటరు మీద 300 మిల్లీమీటర్లు పడితే 30 కోట్ల లీటర్లు. అది ఒక్క చదరపు కిలోమీటరుకే. ఈ నీళ్లన్నీ కొండ మీద నుంచి దిగి, ఊరి మధ్య కాలువల గుండా సముద్రంలోకి పోవాలి. పోవడానికి దారి ఉందా? ఆ రోజు పౌర్ణమి. పౌర్ణమికి, అమావాస్యకు సముద్రం పోటు ఎక్కువని దివిసీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సముద్రం పోటు మీద ఉంటే కాలువలో నీళ్లు ముందుకు కదలవు. అమ్మ దీపాలు పెడుతున్న ఆ పున్నమే మా వీధిలో నీళ్లు నిలవడానికి ఒక కారణమని నాకు తట్టనే లేదు.

కురిసిన వానకు మూలం పెనాంగ్‌లో లేదు. అదే రోజు ‘డామ్రీ’ టైఫూన్ వియత్నాం తీరాన్ని దాటింది. మరోవైపు థాయ్‌లాండ్ సింధుశాఖ మీదుగా ఒక అల్పపీడన వ్యవస్థ మనకు ఉత్తరంగా పడమటికి కదిలింది. దాని చుట్టూ తిరిగే గాలులు వెచ్చటి సముద్రం మీది తేమను మోసుకొచ్చి ఈ దీవి మీదకు తోశాయి. దీవి మధ్యలో 833 మీటర్ల ఎత్తున పెనాంగ్ కొండ నిలబడి ఉంది. తేమ గాలి కొండను ఢీకొని పైకి లేచింది. మబ్బు కట్టిన చోటే మళ్లీ మళ్లీ కట్టింది. కురిసిన చోటే మళ్లీ మళ్లీ కురిసింది.

వెచ్చటి సముద్రం పక్కన కాపురం

మలక్కా జలసంధి నీళ్లు ఏడాది పొడవునా 28 నుంచి 30 డిగ్రీల దాకా వెచ్చగా ఉంటాయి. ఒక లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే ఒక కిలోవాట్ హీటర్ 40 నిమిషాలు ఏకధాటిగా పనిచేసినంత శక్తి కావాలి. ఆ శక్తి ఎక్కడికీ పోదు. ఆవిరిలో దాగి పైకి వెళుతుంది. పైన చల్లబడి ఆవిరి మళ్లీ నీటిచుక్కలైనప్పుడు అదంతా వేడిగా బయటికొస్తుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది. అలా పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు కూడా పెరిగేవే మన పేపర్లలో కనిపించే క్యుములోనింబస్ మేఘాలు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. సముద్రాలు వేడెక్కుతున్న కొద్దీ కుంభవృష్టి మరింత తీవ్రం కావడానికి మూలం ఈ చిన్న లెక్కే.

ఇక్కడ కొన్నేళ్లు ఉన్నవాళ్లకు వాన వేళలు అలవాటైపోతాయి. పగలు నేల వేడెక్కితే సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. మధ్యాహ్నం దాటాక కొండల వైపు ఉరుములు మొదలవుతాయి. రాత్రి ఇదంతా తిరగబడుతుంది. అటు సుమత్రా నుంచి, ఇటు ద్వీపకల్పం నుంచి చల్లగాలి కిందికి దిగి జలసంధి మీద కలుసుకుంటుంది. అక్కడ మబ్బులు బారులు తీరి, తెల్లవారేలోపు తూర్పు తీరం వైపు పరుగెత్తుకొస్తాయి. వీటినే ఈ ప్రాంతంలో ‘సుమత్రా’ గాలివానలు అంటారు. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఎక్కువ. గంటకు 40 నుంచి 80 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలి వీస్తుంది. గంటా రెండు గంటల్లో అంతా సద్దుమణుగుతుంది. బాల్కనీలో ఆరేసిన బట్టలు పక్క అపార్ట్‌మెంటులో తేలిన అనుభవం మనలో చాలామందికి ఉండే ఉంటుంది.

ఈ కథ పెనాంగ్‌ది మాత్రమే కాదు. మెక్సికో సింధుశాఖ పక్కన హ్యూస్టన్‌లో ఉన్న తెలుగువాళ్లకు 2017 ఆగస్టు నాటి ‘హార్వే’ గుర్తుంది. ఎడారిలో వాన ఏమిటనుకున్న దుబాయ్‌లోని మనవాళ్లు 2024 ఏప్రిల్ 16న విమానాశ్రయం చెరువు కావడం చూశారు. బంగాళాఖాతం సంగతి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ‘సైక్లోన్’ అనే మాటను 1848లో ఇంగ్లీషుకు ఇచ్చిన హెన్రీ పిడింగ్టన్, మన కోరంగిని ముంచిన ఉప్పెనల గురించి రాశాడు. ఒకప్పుడు తెలుగువాళ్లు బర్మాకూ తూర్పు దేశాలకూ ఓడలెక్కిన ఆ రేవును 1839 నవంబరు తుఫాను తుడిచిపెట్టింది. వెచ్చటి సముద్రం పక్కన బతకడం మనకు తరాల అలవాటు.

తుఫాను వేరు, ఉరుము వేరు

‘‘ఇన్ని ఉపగ్రహాలున్నాయి, సూపర్ కంప్యూటర్లున్నాయి, ఇప్పుడు ఏఐ కూడా వచ్చింది. రేపు మా వీధిలో వాన పడుతుందో లేదో ఎందుకు చెప్పలేరు?’’ నేను సాఫ్ట్‌వేర్ మనిషినని తెలిశాక మిత్రులు నన్నడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే.

తుఫాను అంటే వందల కిలోమీటర్ల సుడి. రోజుల తరబడి బతుకుతుంది. నెమ్మదిగా నడుస్తుంది. అందుకే దాని దారి చెప్పడంలో శాస్త్రం చాలా ముందుకొచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమలో దాదాపు పదివేల ప్రాణాలు పోయాయి. 2014 అక్టోబరు 12న ‘హుద్‌హుద్’ నేరుగా విశాఖ నగరాన్నే తాకింది. ఎక్కడ తీరం దాటుతుందో భారత వాతావరణ శాఖ ముందే చెప్పింది. లక్షల మందిని ముందే తరలించారు. ఆస్తి నష్టం అపారం, కానీ మరణాలు పదుల్లోనే ఆగాయి. ఈ తేడా ఒక్క రాడార్‌తో రాలేదు. హెచ్చరిక అందితే ఏం చేయాలో కలెక్టరు దగ్గర నుంచి గ్రామం దాకా అందరికీ తెలిసి ఉండటం వల్ల వచ్చింది.

ఉరుముల మబ్బు అలా కాదు. వెడల్పు కొన్ని కిలోమీటర్లు. ఆయుష్షు అరగంట, గంట. ఇంట్లో పేలాలు వేయించేటప్పుడు చూడండి. మూకుడు వేడెక్కితే ధాన్యం పేలుతుందని ఖాయంగా చెప్పగలం. ఏ గింజ ముందు పేలుతుందో ఎవరూ చెప్పలేరు. వెచ్చటి సముద్రం మీది ఆకాశం అలాంటి మూకుడు. మూకుడు ఎప్పుడు వేడెక్కుతుందో చెప్పడం నమూనాల పని. ఏ గింజ పేలిందో చూసి చెప్పడం రాడార్ పని.

కాబట్టి సూచనను మూడు అంచెలుగా చదవాలి. మొదటిది వారాల అంచె. భూమధ్యరేఖ వెంబడి పడమటి నుంచి తూర్పుకు 30 నుంచి 60 రోజులకొకసారి తిరిగే మబ్బుల పట్టీ ఒకటుంది. 1971లో దాన్ని గుర్తించిన ఇద్దరి పేర్లతో మ్యాడెన్–జూలియన్ ఆసిలేషన్ అంటారు. అది మన మీదుగా పోతుంటే ఆ వారాలు తడిగా ఉంటాయని చెప్పవచ్చు. అంతే, తేదీ చెప్పలేం. రెండోది రోజుల అంచె. రుతుపవనం పుంజుకుంటోందా, అల్పపీడనం ఏర్పడుతోందా అన్నది మూడు నుంచి ఐదు రోజుల ముందు తెలుస్తుంది. రాష్ట్రానికి, జిల్లాకు సరిపోతుంది గానీ వీధికి సరిపోదు. మూడోది గంటల అంచె. జపాన్ ‘హిమవారి’ ఉపగ్రహం పది నిమిషాలకొకసారి మన ఆకాశాన్ని ఫొటో తీస్తోంది. రాడార్ మబ్బు లోపలి వాననే చూపిస్తోంది. ఒకటి రెండు గంటలు ముందుగా మన పేటకు ఏం రాబోతోందో చెప్పగలిగేది ఈ అంచెలోనే.

ఏఐ సంగతీ చెప్పాలి. యూరప్ వాతావరణ కేంద్రం 2025 ఫిబ్రవరి నుంచి ఏఐ నమూనాను కూడా రోజువారీ సూచనలకు వాడుతోంది. తుఫాను దారి, గాలుల తీరు వంటి పెద్ద విషయాల్లో ఈ నమూనాలు అబ్బురపరుస్తున్నాయి. కానీ అవి నేర్చుకునేది గతం నుంచే. ఇదివరకెన్నడూ పడనంత వాన ఒక కొండ పక్కన పడితే గతంలో దానికి పోలిక దొరకదు. 2023 జులైలో తెలంగాణలోని ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అలాంటి అంకెను ముందుగా ఊహించడం మనిషికీ కష్టం, యంత్రానికీ కష్టం.

‘నూటికి ముప్పై’ని ఎలా చదవాలి?

మనలో చాలామంది సూచనను జోస్యంలా వింటాం. ‘వాన పడుతుందన్నారు, పడలేదు, వీళ్ల మాట నమ్మకూడదు’ అని తేల్చేస్తాం. నా ఉద్యోగంలో రాత్రి రెండింటికి మోగే అలర్టులు చాలా చూశాను. సర్వర్ పడిపోయే ముందు గంట మోగాలి. గంట మరీ సున్నితంగా పెడితే ఉత్తినే మోగుతుంది, పదిసార్లు లేచినవాడు పదకొండోసారి లేవడు. మరీ మొద్దుగా పెడితే అసలు ఆపద వచ్చినప్పుడు మోగదు. వాతావరణ శాఖది కూడా ఇదే అవస్థ. ఒక్క తేడా. మా గంట మోగకపోతే వెబ్‌సైట్ ఆగుతుంది. వాళ్ల గంట మోగకపోతే ప్రాణం పోతుంది. అందుకే అది కాస్త ఎక్కువగా మోగడమే మంచిది.

మరి మనం ఎప్పుడు లేవాలి? దీనికి సులువైన లెక్క ఉంది. జాగ్రత్త పడటానికి అయ్యే ఖర్చెంత, పడకపోతే జరిగే నష్టమెంత, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవాలి. ఆ రాత్రి ఇన్సులిన్, పాస్‌పోర్టులు, నాన్న మందుల డబ్బా అటక మీద పెట్టడానికి నాకు పావుగంట పట్టేది. పెట్టనందుకు పాస్‌పోర్టుల కోసం నెల రోజులు తిరిగాను. ఇన్సులిన్ కోసం ఆ ఆదివారం మోకాలి లోతు నీళ్లలో మూడు మందుల షాపులు తిరిగాను. నాన్న చక్కెర ఎక్కడికి పోతుందోనన్న భయం వేరే లెక్క. ఐదుసార్లు అనవసరంగా సామాను పైకెక్కించినా, ఆరోసారి నీళ్లొస్తే ఐదు పావుగంటలూ గిట్టుబాటైనట్టే. కాబట్టి నూటికి ముప్పై అంటే నిద్రపోవచ్చని కాదు. మన ఇంట్లో ఎవరున్నారో, మనం ఏ అంతస్తులో ఉన్నామో చూసుకుని తేల్చుకోవాల్సిన అంకె అది. పదో అంతస్తులో ఉన్న పడుచు జంటకు అది గొడుగు విషయం. కింది అంతస్తులో పెద్దవాళ్లతో ఉన్న ఇంటికి అదే పెద్ద హెచ్చరిక.

భాష దగ్గర తెగిన తీగ

ఇక నాన్న ప్రశ్నకు వస్తాను. నాకెందుకు అర్థం కాలేదు?

మలేషియా వాతావరణ శాఖ హెచ్చరికలు మలయ్‌లో, ఇంగ్లీషులో వస్తాయి. ‘మైచువాచా’ అనే వాళ్ల యాప్ ఉచితం. ఉరుముల వానకు ‘రిబుత్ పెతిర్’ హెచ్చరిక ఇస్తారు. గంటకు 20 మిల్లీమీటర్లకు మించిన వాన గంటకు పైగా పడే సూచన ఉన్నప్పుడు ఇచ్చేది అది. ఆరు గంటలకు మించి చెల్లదు. అంటే సాయంత్రం ఐదుకు వచ్చిన హెచ్చరికను మర్నాడు పొద్దున గ్రూపులో పెట్టడం పాత రైల్వే టికెట్ పంచినట్టు. ఎడతెరిపి లేని వానలకు మరో వరస ఉంది. పసుపు రంగుకు ‘వాస్పదా’, అంటే మెలకువగా ఉండండి. నారింజకు ‘బురుక్’, పరిస్థితి చెడ్డది. ఎరుపుకు ‘బహాయా’, ప్రమాదం. ఈ ‘బహాయా’ మన ‘భయం’ అన్న సంస్కృత మాట నుంచి వచ్చిందే. మన ఇంటి మాటే వేషం మార్చుకుని ఫోనులోకి వస్తే మనం గుర్తుపట్టడం లేదు! ఆకస్మిక వరదకు ‘బంజిర్ కిలత్’ అంటారు. కిలత్ అంటే మెరుపు. మెరుపులా వచ్చే వరద. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు?

మన ఊళ్లో అమ్మానాన్నలకూ రంగుల భాష ఉంది. భారత వాతావరణ శాఖ పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే కదలండి అని అర్థం. వాళ్ల లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. పిడుగుల కోసం ‘దామిని’ యాప్ ఉంది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైన రోజు ఒకటుంది. అలాంటి రోజున పొలంలో ఉన్న రైతుకు అరగంట ముందు కబురందితే అది ఒక ప్రాణం. ఆ కబురు చేరవేసేది ఇవతల దేశంలో ఫోను పట్టుకుని కూర్చున్న కొడుకో కూతురో కూడా కావచ్చు.

ఇక గ్రూపుల గోల. వాన మొదలవగానే ఎక్కడిదో ఎప్పటిదో వీడియో ఒకటి తిరుగుతుంది. వంతెన కూలిందని, డ్యాము తెగిందని రాస్తారు. తేదీ ఉండదు, ఊరు ఉండదు. అసలు హెచ్చరిక దాని కింద యాభై సందేశాల లోతున పడిపోతుంది. 2017లో నేను హెచ్చరికను చూసీ చదవలేదు. ఇప్పుడైతే చూడటమే కష్టం.

మనం చేయగలిగింది

జార్జ్ టౌన్‌లోనూ, దాని చుట్టుపక్కలా ఉన్న తెలుగు కుటుంబాలకు, ఆ మాటకొస్తే ఏ దేశంలోని మన సంఘాలకైనా, నేను కోరేది నాలుగు పనులు.

ఒకటి, ప్రతి గ్రూపులో ఇద్దరిని హెచ్చరికల కోసం పెట్టుకుందాం. వాళ్లు అధికారిక ప్రకటన మాత్రమే పంపాలి. ఎప్పుడు జారీ అయింది, ఎప్పటిదాకా చెల్లుతుంది, ఏ ప్రాంతానికి అన్న మూడూ తెలుగులో రాయాలి. నాలుగు వాక్యాలు చాలు. హెచ్చరిక అమల్లో ఉన్నంతసేపు గుడ్ మార్నింగ్‌లు, జోకులు ఆపుదాం.

రెండు, స్థానిక భాషలోని పది మాటలు తెలుగు లిపిలో రాసి ఫ్రిజ్ మీద అంటిద్దాం. అమరన్ అంటే హెచ్చరిక, బంజిర్ అంటే వరద, రిబుత్ పెతిర్ అంటే ఉరుముల వాన. పక్కనే అత్యవసర నంబరు 999. సందర్శకులుగా వచ్చిన మన పెద్దవాళ్లు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. ఆ కాగితం ముందుగా కావలసింది వాళ్లకే.

మూడు, ఇంటి లెక్క ముందే రాసి పెట్టుకుందాం. పసుపు వస్తే మందులు, పాస్‌పోర్టులు సంచీలో పడాలి. నారింజ వస్తే కారు ఎత్తుకు చేరాలి. ఎరుపు వస్తే పెద్దవాళ్లు పై అంతస్తుకు వెళ్లాలి. ఉరుము వినిపిస్తే పిల్లలు ఈతకొలను నుంచి బయటికి రావాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరమని పిల్లలకు నేర్పితే వాళ్లే మనల్ని లోపలికి లాక్కొస్తారు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద లోతు తెలియకుండా బండి దించకూడదు. నదుల నీటిమట్టం ఇక్కడి నీటిపారుదల శాఖ ‘పబ్లిక్ ఇన్ఫో బంజిర్’ పేజీలో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. పున్నమి, అమావాస్యల దగ్గర భారీ వర్ష సూచన ఉంటే ఒక మెట్టు ముందే కదలాలి.

నాలుగు, పొరుగువాళ్లను పరిచయం చేసుకుందాం. ఉగాదికి పచ్చడి పంచేటప్పుడు పై అంతస్తు ఇంటికీ ఒక గిన్నె పంపుదాం. మా ప్రాణాల మీదకు వచ్చిన రాత్రి తలుపు తట్టింది యాప్ కాదు, ఆంటీ.

ఇదంతా అతి జాగ్రత్త అని కొందరు అనవచ్చు. భూమధ్యరేఖకు ఇంత దగ్గరలో తుఫాన్లు రావు కదా అని ధైర్యం చెప్పేవాళ్లూ ఉన్నారు. భూమి తిరుగుడు వల్ల గాలికి వచ్చే మెలిక ఇక్కడ బలహీనం కాబట్టి తుఫాన్లు అరుదే. అరుదంటే అసాధ్యమని కాదు. 2001 డిసెంబరులో ‘వామెయ్’ సింగపూర్ పక్కనే పుట్టి జొహోర్‌ను తాకింది. 2025 నవంబరు చివర్లో ‘సెన్యార్’ తుఫాను మన ఇంటి ముందున్న ఈ మలక్కా జలసంధిలోనే పుట్టింది. సుమత్రాలో వరదలకూ కొండచరియలకూ వెయ్యి మందికి పైగా బలయ్యారు. ఆ సముద్రం ఇటువైపు ఒడ్డున ఉన్నది మనమే.

దానికి దాదాపు నెల ముందు, అక్టోబరు 28 రాత్రి, ‘మొంథా’ తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. రెండు రోజుల ముందు నుంచే దివిసీమకు ఫోన్లు చేస్తూనే ఉన్నాను. నాన్నకు ఇప్పుడు డెబ్భై అయిదు. ‘‘ఎరుపు ఇచ్చారురా, మధ్యాహ్నమే బడిలోకి వచ్చేశాం. ఇన్సులిన్ సంచీలో ఉంది’’ అన్నారు. నేను అడగకముందే అన్నారు. నవంబరులో మలక్కా జలసంధి వార్తలు విని ఆయనే ఫోను చేశారు. ‘‘మీకు ఏ రంగు ఇచ్చారు?’’ ఆ ప్రశ్నకు ఈసారి నా దగ్గర జవాబు ఉంది. హెచ్చరిక ఎప్పుడు జారీ అయిందో, ఎప్పటిదాకా చెల్లుతుందో చదివి వినిపించాను.

ఈ పేజీ చదివిన మీరు ఈ రాత్రి ఒక్క పని చేయండి. మీ ఇంట్లో మందులు, పాస్‌పోర్టులు ఏ సొరుగులో ఉన్నాయో చూడండి. అది కింది సొరుగైతే పైకి మార్చండి.